చెంపతో చూసిన జ్వరం

ఏ ఊరు వెళ్ళినా నేను ముందు వెతుక్కునేది ఇస్త్రీ దుకాణం. ఊరి సంగతులు తెలియాలంటే క్షౌరశాలలో కూర్చోవాలని కొందరంటారు. నా అనుభవంలో ఇస్త్రీ బల్లే మేలు. క్షౌరం చేయించుకునే మనిషి తాను చెప్పదలచుకున్నదే చెబుతాడు. బల్ల మీద పరిచిన చొక్కా చెప్పకూడనిది కూడా చెప్పేస్తుంది. మోచేతుల దగ్గర నలిగిందంటే కూర్చుని చేసే ఉద్యోగం. ఒక భుజమే నలిగిందంటే రోజూ సంచీ మోస్తున్నాడు. కాలరు లోపల చిన్న పిన్నీసు మిగిలిపోయిందంటే, ఇంట్లో బొత్తాం కుట్టేవాళ్ళెవరో ఊళ్ళో లేరన్నమాట.

ఈ చివరి ముక్క నాది కాదు, మడత మాస్టారిది. నేను ఉంటున్న మేడగదికి సరిగ్గా కింద ఆయన దుకాణం. ముందు గదిలో బల్ల, వెనక గదిలో కాపురం. ఆయన ఏ బళ్ళోనూ మాస్టారు కాడు. అంచుకు అంచు కలవనిదే గుడ్డ చేతిలోంచి వదలడు కనక వీధి ఆ పేరు ఇచ్చింది. చేతిరుమాలు మడతపెట్టినా కొత్త పుస్తకం మూసినట్టుంటుంది. ఒకసారి నా చొక్కా మీద ఒక్క గీత వంకర పోయిందని, నేను తొడుక్కుని మెట్లు దిగుతుంటే ఆపి విప్పించాడు. బనియనుతో ఆయన గుమ్మంలో నిలబడి వచ్చేపోయేవాళ్ళకి సమాధానం చెప్పుకున్నాను.

ఆయన చేతుల గురించి ముందే చెప్పాలి, ఈ కథంతా వాటి మీదే ఉంది. వేడితో పనిచేసేవాళ్ళ చేతులు చాలా చూశాను. రొట్టెల బట్టీ దగ్గర కాలుతున్న పళ్ళేన్ని ఉత్త వేళ్ళతో జరిపేవాళ్ళు, గాజు ఊదేవాళ్ళు, రోడ్డుకి తారు పోసేవాళ్ళు. వాళ్ళ అరచేతులకి చర్మం కాదు, ఇంకేదో ఉంటుంది. మాస్టారివీ అంతే. ఇస్త్రీపెట్టె అడుగున అంటుకున్న గంజిని గోటితో గీకేసేవాడు, పెట్టె వేడిగా ఉండగానే. టీ గ్లాసు అంచు పట్టుకోకుండా నడుము పట్టుకునేవాడు. అయితే పెట్టె వేడి ఎంతుందో ఆ చేతులకి తెలియదు గదా. పెట్టె మీద ఒక చక్రం ఉంది, దాని మీది అంకెలు ఎప్పుడో అరిగిపోయాయి, ఉన్నప్పుడూ ఆయన వాటిని నమ్మలేదట. పెట్టెని ఎత్తి చెంప దగ్గరగా, తాకీ తాకనట్టు పట్టుకునేవాడు. ఒక్క క్షణం. "పట్టుకి చాలు" అనో "నూలుకి ఇంకొంచెం కావాలి" అనో పైకే అనుకుని దించేవాడు. చూసేవాడికి గుండె జారేది. ఆయనకి మాత్రం అది గడియారం చూసుకోవడంలాంటిదే.

ఆయన భార్య ఒక పెద్ద వంటశాలలో కూరగాయలు తరిగే పనికి వెళ్ళేది. వేడినీళ్ళకి చన్నీళ్ళు తోడని నవ్వేది. వీళ్ళకి ఒక్కతే కూతురు, రెండో తరగతి. నోట్లో నువ్వుగింజ నానదు. ఎందుకు, ఏమిటి, ఎలా అని పొద్దున్నుంచి కిచకిచలాడుతూనే ఉంటుంది కనక అందరూ పిచ్చుక అనేవారు. నా గదిలోకి వచ్చి ఇన్ని పుస్తకాలు చదివితే చదివింది ఎక్కడికి పోతుందని అడిగింది ఒకరోజు. ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాను.

ఆ ఏడు చలి మొదలయ్యాక, మాస్టారి భార్య అక్కకి నెలలు నిండకుండానే కాన్పయింది. పిల్లవాడు గుప్పెడంత. అక్క ఇంకా లేవలేదు, చూసేవాళ్ళు లేరు. వెళ్ళక తప్పింది కాదు. వెళ్ళేముందు ఆవిడ భర్తకి చాలా అప్పగింతలు పెట్టింది: జడ ఎలా వేయాలో, బడి సంచీలో ఏం పెట్టాలో. పిల్లకి ఒంట్లో బాగోకపోతే ఏం చేయాలో మాత్రం చెప్పలేదు. ఆ శాఖ ఎప్పుడూ ఆవిడదే కావడంతో, దానికి కూడా అప్పగింతలు కావాలని ఇద్దరికీ తోచలేదు. "నేను లేనా?" అన్నాడు మాస్టారు. ఆ మాట ఆయన తేలిగ్గానే అన్నాడు.

ఒక మధ్యాహ్నం బడివాళ్ళు కబురు పెట్టారు, పిల్ల డీలాగా ఉంది, తీసుకెళ్ళమని. పొద్దున బడికి గెంతుకుంటూ వెళ్ళిన పిల్ల. మాస్టారు చంకనెత్తుకుని తెచ్చాడు. నేను అప్పుడే బట్టల మూటతో కిందికి దిగాను. పిచ్చుక ఇస్త్రీకి వచ్చిన బట్టల గుట్ట మీద పడుకుని, కళ్ళు సగం మూసి, కాళ్ళు నొప్పులంది. మాస్టారు నుదుటి మీద చెయ్యేశాడు. నా వైపు తిరిగి నవ్వాడు.

"జ్వరం లేదు తాతగారూ. చల్లగానే ఉంది. ఆడి ఆడి అలిసిపోయినట్టుంది."

అప్పుడే పెట్టె దించిన చెయ్యి అది. ఆ చేతికి ఏ పిల్ల నుదురు చల్లగా ఉండదు? నాకూ తట్టలేదు. నేను మూట అక్కడ పెట్టి వెళ్ళిపోయాను.

తర్వాత జరిగింది ఆయనే చెప్పాడు నాకు, దాచకుండా. పిల్ల వణకసాగింది. చలి వేస్తోందంది. చలి అంటే మాస్టారికి వైద్యం తెలుసు. ఇరవై ఏళ్ళుగా ఆయన చూసిన ప్రతి ముడతా వేడికే లొంగింది. తడిసిన గుడ్డా వేడికే ఆరింది. మందపాటి దుప్పటి తీసి, పెట్టె బాగా కాగనిచ్చి, రెండువైపులా ఇస్త్రీ చేసి, పొగలు కక్కుతుండగానే పిల్లకి చుట్టాడు. అది చల్లారేలోపు రెండోది సిద్ధం. ప్రపంచంలో ఇంకే తండ్రికీ రాని ఆలోచన. పిల్ల మొహం ఎర్రబడితే రంగు వచ్చిందని సంతోషించాడు. వద్దు నాన్నా అని పిల్ల తోసేస్తే, మారాం చేస్తోందనుకుని అంచులు ఇంకా బిగించాడు. అంచుకు అంచు కలిపి.

తలనొప్పని కూడా ఏడ్చింది. ఆయన తలనొప్పికి తాను వేసుకునే మాత్ర ఒకటి బల్ల సొరుగులో ఉంటుంది. అందులో సగం విరిచాడు. పిల్ల మింగలేనని మొరాయించింది. తేనెలో అరగదీసి ఇద్దామని గిన్నె వెతుకుతుండగా ఫోను మోగింది.

భార్య రోజూ ఆ వేళకే చేస్తుంది. అంతా బావుందన్నాడు. కూతురికి ఇవ్వమంది. పిచ్చుక ఫోను అందుకోలేదు, మొహం తిప్పుకుంది. ఆ సంగతే భార్యకి చెప్పాడు. వాగుడుకాయ పిల్ల అమ్మ ఫోనుకి మొహం తిప్పుకోవడమంటే ఏమిటో తల్లికి చెప్పాలా?

"ఏవండీ, దానికి జ్వరం."

"లేదే, చెయ్యి పెట్టి చూశాగా."

"మీ చేతికేం తెలుస్తుంది? పెట్టె వేడి దేంతో చూస్తారు మీరు?"

"చెంపతో."

"మరి దాన్ని కూడా అలాగే చూడండి."

మాస్టారు వంగి, పిల్ల నుదుటికి చెంప ఆనించాడు. ఆయన మాటల్లోనే చెబుతాను. "నూలు బట్ట వేడి తాతగారూ. పిల్లకి ఉండాల్సిన వేడి కాదది." నిటారుగా లేచి నిలబడి, చుట్టిన దుప్పట్లు ఒక్కొక్కటే విప్పుతూ, ఆయన ఏడ్చాడట. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. చేతులు కాలడమే తెలియని మనిషి ఏం పట్టుకోవాలి?

వీధికి అటువైపు మందుల షాపు ఉంది. అది నడిపే ఆవిడని వీధంతా మందులక్క అంటుంది. మాస్టారు కేకేస్తే ఆవిడ థర్మామీటరు తెచ్చి పిల్ల చంకలో పెట్టి చూసింది. నూట మూడు దాటింది. బల్ల మీద సగం విరిచిన మాత్ర చూసి దాని అట్ట తిరగేసింది.

"ఇది ఇచ్చావా తమ్ముడూ?"

ఇవ్వలేదన్నాడు. మందులక్క కుర్చీలో కూలబడి ఊపిరి వదిలింది. అది ఆస్పిరిన్ మాత్రట. ఇలాంటి జ్వరాల్లో పిల్లలకి అది పడితే అరుదుగానైనా కాలేయానికీ మెదడుకీ ముప్పట. పెద్దల మాత్ర సగం విరిస్తే పిల్లల మాత్ర అయిపోదని చెప్పింది. గట్టిగా ఏం అనలేదు. ఆ సగాన్నీ ఈ సగాన్నీ తీసుకెళ్ళి తన చెత్తబుట్టలోనే వేసుకుంది. దుప్పట్ల కథ విన్నాక మాత్రం, "పిల్లనుకున్నావా, పరుపు గలీబనుకున్నావా?" అని ఒక్క చురక అంటించింది.

ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. చిన్నావిడే, ఓపిక గల మనిషి. పరీక్ష చేసి ఫ్లూ అంది. జలుబైతే దొంగలా మెల్లగా వస్తుందట, ముందు ముక్కు, తర్వాత తుమ్ము. ఇది తలుపు తన్ని వచ్చే రకం: పొద్దున ఆడుకున్న పిల్ల మధ్యాహ్నానికి మంచమెక్కడం, ఒళ్ళంతా నొప్పులు, పొడిదగ్గు, ఒక్కసారిగా జ్వరం. పిల్లని తూచి, ఆ బరువుకి ఎంత జ్వరం మందో సిరంజి మీద గీత చూపించింది. పల్చటి బట్టలు, గాలి వచ్చే గది, విశ్రాంతి, అన్నిటికన్నా ముందు నీళ్ళు. తిండి తినకపోయినా ఫరవాలేదు, తాగడం ఆగకూడదు. ఊపిరి ఎగబీలుస్తున్నా, డొక్కలు లోపలికి పోతున్నా, పెదాలు నీలంగా మారినా, లేపితే సరిగ్గా లేవకపోయినా, ఎనిమిది గంటలు మూత్రం పోయకపోయినా, జ్వరం తగ్గి మళ్ళీ విరుచుకుపడినా వేళాపాళా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళమంది. మాస్టారు అవన్నీ వేళ్ళ మీద అప్పజెప్పాడు. ఒకటి మరిచిపోయాడని మళ్ళీ మొదట్నుంచీ చెప్పాడు.

ఇంటికొచ్చి భార్యకి ఫోను చేశాడు. పక్కన నేనూ ఉన్నాను. ఆవిడ అప్పటికే సంచీ సర్దుకుంది. కానీ డాక్టరు ఇంకో మాట కూడా చెప్పింది: ఈ పిల్ల దగ్గరకు వచ్చిన మనిషి ఆ పసిగుడ్డు దగ్గరకు తిరిగి వెళ్ళకూడదు. ఊపిరి ఇంకా కుదురుకోని ప్రాణం అది. ఇటు వస్తే అటు లేదు. రెండు ఇళ్ళ మధ్య ఒక్క మనిషి. మాస్టారు ఆ మాట భార్యకి చెప్పాడు.

"నువ్వక్కడే ఉండు," అన్నాడు చివరికి. "దీన్ని నేను చూసుకుంటా."

"చూసుకోగలరా?"

ఈసారి నేను లేనా అనలేదాయన. "చెంపతో చూసుకుంటాలే," అన్నాడు.

ఆవిడ రాలేదు. రాకుండా ఉండటానికి ఎంత గుండె కావాలో నేను కొలవలేను. పదే పదే ఫోను చేసేది. ఏం తాగింది, ఎంత తాగింది, దగ్గు ఎలా ఉంది, వినిపించండి. ఆయన ఫోనుని పిల్ల దగ్గు దగ్గర పెట్టేవాడు.

మర్నాడు దుకాణం తలుపు ఒక రెక్కే తెరుచుకుంది. బల్ల వేడి తగలకుండా పిల్లని వెనక గదిలో కిటికీ పక్కకి మార్చాడు. కొత్తబట్టలు ఎవరివీ తీసుకోలేదు. ముందే బట్టలిచ్చినవాళ్ళు ఊరుకుంటారా? ఒక పెద్దమనిషి తన కోటు ఏమైందని గుమ్మంలో గొంతు పెంచాడు. మాస్టారు లోపలి నుంచే, లోపల ఫ్లూ ఉంది బాబూ, కోటుతో పాటు పట్టుకెళ్తారా అన్నాడు. పెద్దమనిషి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి నడిచి, వీధి దాటాక కూడా తీయలేదు.

ఇంటివాళ్ళ మామ్మగారు కర్ర తాటించుకుంటూ వచ్చి లంఖణం పరమౌషధం అంది. పిల్లకి పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వద్దంది. లంఖణాల గురించి నేనూ చాలా చదివాను. ఆ సామెత పుట్టించినవాడు విందు తిని పొట్ట పట్టుకుని కూర్చున్న పెద్దవాడై ఉండాలని నా అనుమానం. మాస్టారు ఆవిడకి ఎదురు చెప్పలేదు. తల ఊపి, ఆవిడ వెళ్ళగానే చెంచా అందుకున్నాడు.

ఆ చెంచా సంగతే చెప్పాలి. మూడోనాడు అనుకుంటాను, జ్వరం కొంచెం దిగింది గానీ పిల్ల నీళ్ళు ముట్టడం మానేసింది. గొంతు నొప్పి. గ్లాసు చూపిస్తే పెదాలు బిగించేది. పొద్దున పదింటికి ఒకసారి మూత్రం పోసింది, అంతే. మధ్యాహ్నం మూడు దాటింది. మాస్టారు మెట్లెక్కి నా గది గుమ్మంలో నిలబడ్డాడు. పొద్దున్నుంచీ లేదు తాతగారూ, అన్నాడు. ఏం లేదో నేను అడగక్కర్లేకపోయింది. నేనూ ఆయన వెనకే దిగాను.

డాక్టరుకి ఫోను చేశాడు. ఆవిడ, ఊపిరి ఎలా ఉందో చొక్కా ఎత్తి చూసి చెప్పమంది. డొక్కలు ఎగరడం లేదు, లేపితే లేచింది, నాన్న మీద విసుక్కుంది. విసుక్కుందంటే మంచిదేనంది డాక్టరు. గ్లాసుతో కాదు, చెంచాతో, కొంచెం కొంచెంగా, వదలకుండా పట్టమంది. సాయంత్రం దీపాలు పెట్టేలోపు పోయకపోతే తీసుకొచ్చేయమంది.

నేను కుర్చీ లాక్కుని తలుపు దగ్గర కూర్చున్నాను. మాస్టారు ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళ గిన్నె ఒళ్ళో పెట్టుకున్నాడు. బల్ల మీద గుడ్డ తడపడానికి ఆయన నీళ్ళు చల్లే తీరు ఒకటుంది: దోసెడు గుమ్మరించడు, వేళ్ళ చివరల నుంచి చినుకులుగా విదిలిస్తాడు, గుడ్డ తాగేదాకా ఆగుతాడు, మళ్ళీ విదిలిస్తాడు. ఇక్కడా అంతే. ఒక చెంచా. పిల్ల మింగేదాకా ఆగడం. మళ్ళీ ఒక చెంచా. వద్దంటే బతిమాలలేదు, కోప్పడలేదు, కొంచెంసేపు కిటికీలోంచి చూసి మళ్ళీ చెంచా పెట్టేవాడు. మధ్య మధ్య తల వంచి చెంప ఆనించేవాడు. వీధిలో నీడలు సాగాయి. బయట సైకిళ్ళ బెల్లులు, బడి పిల్లల గోల. నాకు తెలిసిన కథల్లో అప్పుడు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆసుపత్రికి వెళ్ళాల్సి వస్తుందేమోనని పిల్ల స్వెట్టరూ చెప్పులూ మంచం పక్కన సిద్ధంగా పెట్టాడు. అటు చూడకుండా చెంచా నింపుతున్నాడు.

పిల్ల నిద్రపోయింది. మాస్టారు దుప్పటి సర్దబోయి ఆగాడు. చెయ్యి పక్క మీద అలాగే ఉండిపోయింది. వేడి తెలియని ఆ చేతికి తడి బాగానే తెలుస్తుంది, వృత్తే అది గదా.

"తాతగారూ," అన్నాడు నెమ్మదిగా. "పోసింది. పక్కంతా పోసింది."

చొక్కా మీద ఒక టీ చుక్క పడితే మూడు రోజులు నిద్రపోని మనిషి. అంచుకు అంచు కలిపి పరిచిన దుప్పటి నిండా తడి చూసి, మందులక్కకి వినబడేలా వీధిలోకి కేక పెట్టాడు. అక్క కౌంటరు వెనక నుంచే రెండు చేతులూ ఎత్తి జోడించింది. మందు కొనడానికి వచ్చినవాళ్ళకి ఏం అర్థమైందో తెలియదు. ఫోనులో భార్యకీ చెప్పాడు. ఆవిడ, ఆ దుప్పటి ఉతక్కండి, వచ్చాక నేనే ఉతుకుతా అందట. అయినా ఆయన ఆ పూటే ఉతికి ఆరేశాడు. అంత తడి గుడ్డని ఊరికే ఉంచడం ఆయన వల్ల కాదు.

ఆ తర్వాత ఇంకేం భయం లేకపోయింది. దగ్గు మాత్రం అద్దె ఇవ్వని కిరాయిదారులా కొన్నాళ్ళు ఉండి పోయింది. మందు వేయకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతేనే బడికి పంపమంది డాక్టరు. వచ్చే ఏడు చలికి ముందే టీకా వేయించమని కూడా చెప్పింది, ఇంటిల్లిపాదికీ. పిచ్చుకకి ప్రాణం తిరిగొచ్చిన సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. పొద్దున కింద నుంచి, చెంచాలో నీళ్ళు చెంచా ఆకారంలోనే ఎందుకుంటాయి నాన్నా అని వినబడింది. మాస్టారు వివరించబోయి చిక్కుల్లో పడ్డాడు. పైకి వెళ్ళి తాతగారిని అడగమన్నాడు.

పిల్ల బడికి వెళ్ళిన మర్నాడు, సాయంత్రం నేను కిందికి దిగితే దుకాణం తలుపు మూసి ఉంది. లోపల మాస్టారు బట్టల గుట్ట మీద పడుకుని ఉన్నాడు, కాళ్ళు నొప్పులంటున్నాడు. జ్వరమేం లేదన్నాడు, నుదుటి మీద తన చెయ్యే పెట్టుకుని చూసుకున్నాడట, చల్లగా ఉందట. మందపాటి దుప్పటి తీసి పెట్టుకున్నాడు. ఇస్త్రీపెట్టె ఎర్ర దీపం వెలుగుతోంది.

పిచ్చుక బడి సంచీ ఇంకా దించలేదు. వెళ్ళి పెట్టె మీట ఆపేసింది. తండ్రి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, చాలా గంభీరంగా, నుదుటికి చెంప ఆనించింది.

"నూలు బట్ట వేడి," అంది.

దుప్పటి లాగి నా చేతికిచ్చింది, పైన దాచేయమని. కిటికీ తెరిచింది. తర్వాత గిన్నెలో నీళ్ళు పోసుకొచ్చి, చెంచా ముంచి, ఒక్క చుక్క కింద పడకుండా ఆయన నోటి దగ్గర పెట్టింది. మాస్టారు గ్లాసుతో తాగుతానన్నాడు. పిల్ల ఒప్పుకోలేదు. ఆయన నోరు తెరిచాడు.